బంతి ఇస్తే చాలదు, ఆడించే మాస్టారూ కావాలి

ఆగస్టు 15, జనవరి 26 వచ్చాయంటే దాతలు కొందరు పాఠశాలలకు ఆట వస్తువులు బహూకరించడం మనం చూస్తూనే వుంటాం. ఫుట్‌బాల్, వాలీబాల్, నెట్, స్కిప్పింగ్ తాళ్ళు... నిస్సందేహంగా అభినందనీయమైన పని. కాని ఆర్నెల్ల తర్వాత ఆ బంతి ఎక్కడుందో విచారించేవారు ఎందరు? చాలాచోట్ల అది హెడ్మాస్టరు గది బీరువాలో గాలి పోయి పడివుంటుంది. పిల్లలు పాడుచేస్తారని తాళం వేస్తారు. పంపు వుంటే సూది వుండదు. ఇక డ్రిల్లు పీరియడంటారా, అది ఏనాడో లెక్కల మాస్టారి ఖాతాలో పడిపోయింది!

చట్టానికేం లోటు లేదు. ప్రతి బడికీ ఆటస్థలం, తరగతికి తగిన ఆట వస్తువులు వుండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో నూరుమందికి మించి పిల్లలుంటే వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకుడు వుండాలంది. సమగ్ర శిక్ష పథకంలో ఆట వస్తువుల కోసం ఏటా ప్రాథమిక పాఠశాలకు 5,000, ప్రాథమికోన్నతకు 10,000, ఉన్నత పాఠశాలకు 25,000 రూపాయల వరకు గ్రాంటు నిర్ణయించారు. అయితే చిన్న బడుల్లో పాఠం చెప్పే పంతులుగారే ఆటా నేర్పాలి. ఆయనకు ఎవరు నేర్పారు?

హైదరాబాద్ వాసి సయ్యద్ అబ్దుల్ రహీమ్ జీవితం ఈ ప్రశ్నకు చక్కని సమాధానం. భారత ఫుట్‌బాల్ జట్టుకు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు సాధించిపెట్టిన ఈ కోచ్ వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో పనిచేశారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బడుల్లో ఆటల బాధ్యత చేపట్టారు. కుర్రాళ్ళకు ఆయన పెట్టిన పోటీలు విచిత్రంగా వుండేవి. ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషిద్ధం, బంతి అందగానే తోటివాడికి అందించాల్సిందే. మరోదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. వీటికి అదనంగా ఖర్చయ్యే సామగ్రి ఏమీ లేదు. కావలసిందల్లా నేర్పే తెలివి.

అలాగని సామగ్రి అక్కర్లేదనలేం. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్ళు పలువురు వట్టికాళ్ళతో ఆడారు. యుగోస్లావియా చేతిలో 10-1 గోల్స్‌తో ఓడిపోయారు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరయ్యాయి. 1956 మెల్బోర్న్‌లో రహీమ్ జట్టే నాలుగో స్థానంలో నిలిచింది.

కనుక దాతలకు ఒక మనవి. పదివేలు ఇవ్వదలిస్తే అంతా బంతులకే పెట్టకండి. కొంత తీసి, రిటైరైన డ్రిల్లు మాస్టారు ఒకరిని కొన్ని శనివారాలు బడికి రప్పించండి. పిల్లలతో పాటు ఉపాధ్యాయులనూ మైదానంలోకి దించమనండి. అరవైమందికి రెండే బంతులుంటే జట్లు ఎలా కట్టాలి, సున్నంతో గీతలెలా గీయాలి, మడమ బెణికితే ఏం చేయాలి అనేవి చేసి చూస్తేనే వస్తాయి. ఆడపిల్లల సంగతి మరీ ముఖ్యం. మైదానం మగపిల్లలదే అయిపోతే, వాళ్ళు గోడవారగా నిలబడి చూడటంతోనే పీరియడు గడిచిపోతుంది. వాళ్ళకంటూ వారంలో కొన్ని పీరియడ్లు, ఒక బంతి విడిగా కేటాయించమని అడగండి. బంతులతో పాటు పంపు, నాలుగు సూదులు కూడా కొనివ్వండి. బీరువా తాళంచెవి క్లాసు లీడరు చేతికివ్వమని హెడ్మాస్టరు గారికి అప్పుడే చెప్పాలి.