ఇంట్లో ఒక జర్మన్, బడిలో ఒక జర్మన్

పిల్లల నోట్లోంచి అమ్మమ్మ ఊరి మాట రాగానే “అలా అనకూడదు, సరిగ్గా మాట్లాడు” అని దిద్దేస్తుంటాం. యాస అలవాటైతే బడి భాష పాడవుతుందేమోనని మన బెంగ. అయితే స్విట్జర్లాండులో జర్మన్ మాట్లాడే ప్రాంతాల్లో పిల్లలు తరతరాలుగా రెండు రకాల జర్మన్‌తో పెరుగుతున్నారు. వాళ్ళకి రెండూ ఎలా పట్టుబడతాయో తెలుసుకుంటే మన బెంగ కొంత తీరుతుంది.

రెండూ జర్మనే, కానీ...

స్విట్జర్లాండులో జాతీయ భాషలు నాలుగు. జనంలో 60 శాతానికి పైగా మాట్లాడేది జర్మన్. ఇంట్లో, బజార్లో, ఆఫీసులో నోటి మాటంతా మాండలికమే. బడి పాఠాలు, పుస్తకాలు, పత్రికలు మాత్రం ప్రామాణిక జర్మన్‌లో ఉంటాయి. ఇల్లు ప్రామాణికంలో ‘హౌస్’, మాండలికంలో ‘హూస్’. వెన్న అక్కడ ‘బుట్టర్’, ఇక్కడ ‘అంకె’. వంటింటి చిన్న అలమారని ‘ఖుఖిఖేష్ట్లి’ అంటారు. బయటివాళ్ళ చేత ఆ మాట పలికించి సరదాగా నవ్వుకుంటారట! కథల పుస్తకాల్లో వచ్చే ఒక భూతకాల రూపం మాండలికంలో అసలు లేనే లేదు.

ఇలా ఒకే సమాజంలో ఒకే భాష రెండు రూపాల్లో, వేర్వేరు పనులకి వాడుకలో ఉండటాన్ని భాషావేత్త చార్లెస్ ఫెర్గూసన్ 1959లో ‘డైగ్లాసియా’ అన్నాడు. ఆయన చూపించిన నాలుగు ఉదాహరణల్లో స్విస్ జర్మన్ ఒకటి.

ఎలా వస్తుంది?

మాండలికం అమ్మ ఒళ్ళోనే వచ్చేస్తుంది. ప్రామాణిక జర్మన్ కూడా బడిలో చేరేదాకా ఆగదు. టీవీ కార్టూన్లలో వినిపిస్తుంది, అమ్మ చదివే బొమ్మల పుస్తకంలో వినిపిస్తుంది. ఆటల్లో రాజు, దొంగ వేషాలు కట్టినప్పుడు పిల్లలు టీవీలో విన్న ప్రామాణిక జర్మన్ మాట్లాడేస్తారు. ఆట ఆగితే మళ్ళీ మాండలికమే! ఎవరితో ఏది మాట్లాడాలో వాళ్ళే పసిగడతారు. ఒకటో తరగతి నుంచి పాఠం ప్రామాణికంలో సాగుతుంది. గంట కొట్టగానే టీచరు కూడా మాండలికంలోకి వచ్చేస్తుంది.

కిండర్‌గార్టెన్‌లో ఏది?

దీని మీద అక్కడ పెద్ద వాదనే జరిగింది. 2000లో జరిగిన ‘పీసా’ అనే అంతర్జాతీయ పరీక్షలో స్విస్ పిల్లల చదివే శక్తి ఆశించినంత లేదని తేలాక, చిన్నప్పట్నుంచే ప్రామాణికం నేర్పాలన్నారు కొందరు. వేరే దేశాల నుంచి వచ్చిన పిల్లలకి అదే మేలన్నారు. తోటి పిల్లల్లో కలవాలంటే మాండలికమే కావాలన్నారు ఇంకొందరు. చివరికి జనాన్నే ఓటడిగారు. 2011లో జ్యూరిచ్, 2014లో ఆర్గావ్ ఓటర్లు కిండర్‌గార్టెన్‌లో మాండలికమే ఉండాలన్నారు.

మనవాళ్ళ సంగతి

మా ఆడపడుచు కుటుంబం జ్యూరిచ్‌లో ఉంటుంది. “నేను క్లాసుకెళ్ళి నేర్చుకున్న జర్మన్‌తో పక్కింటావిడ మాట ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు వదినా! పిల్లాడు మాత్రం ఏడాది తిరిగేసరికి కిండర్‌గార్టెన్‌లో అందరితో కలిసిపోయాడు” అంది ఫోన్లో. ఇంట్లో తెలుగు, ఆటలో మాండలికం, చదువులో ప్రామాణికం. ఇలాంటి పిల్లలకి ప్రామాణిక జర్మన్ ఇంట్లో వినే వీలు తక్కువ. అందుకే వాళ్ళకి పుస్తకాలు చదివి వినిపించడం మరీ ముఖ్యం.

మనం చేయగలిగింది

అక్కడ డాక్టరు దగ్గర్నుంచి కూరగాయలమ్మే ఆవిడ దాకా అందరిదీ మాండలికమే. కాబట్టి పిల్లలకి దాన్ని చూసి సిగ్గు లేదు. మన దగ్గర శ్రీకాకుళం యాసనో, తెలంగాణ యాసనో, రాయలసీమ యాసనో సినిమాల్లో నవ్వులాటకి వాడటం చూశాం. ఆ నవ్వు పిల్లాడి మీద పడితే వాడు క్లాసులో నోరు విప్పడం మానేస్తాడు. ఇంటి మాటని తప్పు అనొద్దు. “మనింట్లో ఇలా అంటాం, పుస్తకంలో అలా రాస్తారు” అని రెండూ చెప్పండి. రోజూ ఒక కథ పుస్తకంలో ఉన్నట్టే చదివి వినిపించండి. తర్వాత అదే కథని పిల్లల్ని తమ మాటల్లో చెప్పమనండి. నానమ్మతో మాట్లాడేటప్పుడు మాత్రం మధ్యలో దూరి దిద్దకండి!