గంధకం తగిలిన పల్లాడియం పొర: తుక్కు బేరంలో చూసుకోవలసినవి

హైడ్రోజన్ పరిశ్రమ పెరిగితే పల్లాడియానికి గిరాకీ వస్తుందని కొందరు వర్తకులు లెక్క వేస్తుంటారు. ఆ లెక్కలో గంధకం పద్దు కూడా రాసుకోవలసి వున్నది.

పల్లాడియం తన ఘనపరిమాణానికి వందల రెట్లు హైడ్రోజన్‌ను పీల్చుకోగలదని బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు థామస్ గ్రాహం 1866లో వెల్లడించారు. పలుచని పల్లాడియం రేకుకు ఒక వైపు నుంచి వాయు మిశ్రమాన్ని వత్తిడితో పంపితే, హైడ్రోజన్ ఒక్కటే పరమాణువులుగా విడిపోయి లోహంలో దూరి, ఆవలి వైపు మళ్లీ జతకూడి బయటపడుతుంది. మిగిలిన వాయువులు ఇవతలే ఆగిపోతాయి. శుద్ధ పల్లాడియం, వేడి సుమారు 300 డిగ్రీల సెంటిగ్రేడ్ కంటె తగ్గినప్పుడు, హైడ్రోజన్ వల్ల ఉబ్బి పగులుతుంది. అందుకే అందులో 23 శాతం దాకా వెండి కలపడం వాడుకలోకి వచ్చింది.

వెండి కలిసిన పొరకు గంధకమంటే గిట్టదు. సహజవాయువు, నాఫ్తా, బొగ్గు వీటిలో దేని నుంచి హైడ్రోజన్ తీసినా గంధకం ఎంతో కొంత వెంట వస్తుంది. గ్యాసు లీకయితే వాసన తెలియడానికి కలిపే మెర్కాప్టన్ కూడా గంధకం సరుకే. హైడ్రోజన్ సల్ఫైడ్ పది లక్షల పాళ్లలో కొద్ది పాళ్లున్నా పొర పైభాగాన్ని ఆక్రమిస్తుంది. హైడ్రోజన్ విడిపోవడానికి చోటు దొరకదు, దిగుబడి పడిపోతుంది. ఈ దశలో శుభ్రమైన హైడ్రోజన్ పంపితే పొర చాలావరకు కోలుకోవచ్చు. గంధకం మోతాదు పెరిగితే మాత్రం లోహమే పల్లాడియం సల్ఫైడ్‌గా మారుతుంది. రేకుకు సూదిబెజ్జాలు పడితే ఇతర వాయువులు కూడా దాటిపోతాయి. ఇక సరుకు నాణ్యం కూడా పోయినట్లే.

పొర పాడైనా అందులోని లోహం ఎక్కడికీ పోదు. నాలుగు పల్లాడియం పరమాణువులకు ఒక గంధకం పరమాణువు వుండే ఆ సల్ఫైడ్‌లో, బరువు లెక్కన 93 శాతం పల్లాడియమే. అందువల్ల నల్లబడిన రేకును చూపించి ధర తెగ్గోసే కొనుగోలుదారు మాట అమ్మేవారు నమ్మనక్కరలేదు. కొనేవారూ తూకం చూసి మోసపోరాదు. గంధకాన్ని ఎక్కువగా తట్టుకునే రాగి మిశ్రమాల్లో ప్రసిద్ధమైన రకంలో పల్లాడియం 60 శాతమే. పింగాణీ లేక ఉక్కు గొట్టం మీద పూత పోసిన పొరలయితే బరువంతా గొట్టానిదే. పరీక్ష చేయించి, తరుగు, మజూరీ ముందే తేల్చుకుని బేరం కుదుర్చుకోవడం మేలు.

బంగారం కలిపిన పొరలు కూడా గంధకాన్ని బాగానే ఓర్చుకుంటాయి. కాని 2025లో పల్లాడియం కంటె బంగారమే ఖరీదు. జింక్ ఆక్సైడ్ గుళికల మీదుగా వాయువును ముందే పంపి గంధకాన్ని తీసివేయడం అంతకంటె చవక.

ధర విషయానికొస్తే, పల్లాడియంలో అత్యధిక భాగం కార్ల పొగను శుద్ధి చేసే పరికరాలకే పోతున్నది. 2022 మార్చిలో ఔన్సు 3,000 డాలర్లు దాటింది రష్యా సరఫరా మీద భయంతో. 2024లో 1,000 డాలర్ల లోపుకు దిగింది. ఈ రెండింటిలోనూ హైడ్రోజన్ పొరల పాత్ర లేదు.