కేకు మీది ముఖం

అస్ర్ నమాజు తరువాత మా మదరసాలో చిన్నపిల్లల తరగతి మొదలవుతుంది. బడి నుండి నేరుగా వచ్చే పిల్లలు దారిలో బహదూర్‌పురా బేకరీలో ఆగి కప్ కేకో, దిల్‌కుష్ ముక్కో కొనుక్కొని వస్తారు. మొన్న ఎనిమిదేళ్ల బాలుడొకడు తన కప్ కేకును రెండు చేతులా పట్టుకొని మా ముందు నిలిచాడు.

"మౌలానా సాబ్, ఇది నన్నే చూస్తోంది. ఎలా తినాలి?" అన్నాడు.

నిజమే. కేకు పైభాగం పగిలి వంకర నోరులా ఉంది. దానికి పైన రెండు ఎర్రని టూటీఫ్రూటీ ముక్కలు కళ్లలా మెరుస్తున్నాయి. పిల్లలందరూ గుమిగూడారు. ఒకడు పిల్లి అన్నాడు, మరొకడు ముసలి తాత అన్నాడు. ఇంతలో కాస్త పెద్ద విద్యార్థి ఆ పగులులో తనకు అరబీ అక్షరాలు కనిపిస్తున్నాయన్నాడు. నవ్వులు ఆగిపోయాయి. "అయితే దీన్ని తినకూడదా?" అని అడిగిన ఆ బాలుడి కళ్లలో ఆకలీ ఉంది, భయమూ ఉంది.

మాకు ఒక పాత సంగతి గుర్తుకు వచ్చింది. చాలా ఏళ్ల క్రితం తెలిసిన వారి ఇంట్లో కోసిన వంకాయ గింజల వరుసలో అల్లాహ్ పేరు కనిపించిందని వీధంతా కదిలింది. ఆ ముక్కను పళ్లెంలో తెల్లని గుడ్డపై ఉంచారు. మేమూ వెళ్లి చూశాము. ఇంటి పెద్దావిడ మనసు నొప్పించడం ఇష్టం లేక ఏమీ చెప్పకుండా తిరిగి వచ్చాము. మూడోనాటికి వంకాయ కుళ్లింది. పారవేస్తే పాపం చుట్టుకుంటుందేమోనని ఆమె రాత్రంతా ఏడ్చిందని తరువాత తెలిసింది. మేము మర్యాద అనుకున్న మౌనం ఆమెకు అంత భారమైంది.

అందుకే ఈసారి మౌనంగా ఉండలేదు. ముందుగా కేకు ఎలా తయారవుతుందో చెప్పాము. పొయ్యి వేడికి పై పొర తొందరగా గట్టిపడుతుంది. లోపలి పిండి ఇంకా పొంగుతూనే ఉంటుంది. ఆవిరి, గాలి దారి వెదుక్కుంటూ పై పొరను చీలుస్తాయి. అదే ఆ నోరు. ఇక కళ్లంటారా, పచ్చి బొప్పాయి ముక్కలను చక్కెర పాకంలో నానబెట్టి, రంగు వేసి చేసినవే.

మరి ముఖం ఎందుకు కనిపించింది? ముఖాలను గుర్తించే శక్తిని సృష్టికర్త మనిషికి పుట్టుకతోనే ఇచ్చాడు. పుట్టి కొన్ని గంటలైనా గడవని పసికందు సైతం ముఖాన్ని పోలిన ఆకారం వైపు చూపు తిప్పుతుంది. ఆ శక్తి ఒక్కోసారి ముఖం లేని చోట కూడా ముఖాన్ని చూపుతుంది. దీనిని శాస్త్రవేత్తలు పారిడోలియా అంటారు. 1976లో వైకింగ్-1 వ్యోమనౌక పంపిన చిత్రంలో అంగారకునిపై ఒక పెద్ద ముఖం కనిపించింది. తరువాత మరింత స్పష్టంగా తీసిన చిత్రాలలో అది మామూలు కొండ అని తేలింది.

ఈ చూపు ఏ ఒక్క సమాజానికో పరిమితం కాదు. 1996లో అమెరికాలోని నాష్‌విల్ నగరంలో ఒక కాఫీ దుకాణంలో దాల్చినచెక్క బన్నులో మదర్ థెరిసా ముఖం కనిపించిందన్నారు. ఆ బన్నును అద్దాల పెట్టెలో దాచారు. 2005 క్రిస్మస్ నాడు దొంగలు ఎత్తుకుపోయారు. హజ్రత్ మర్యమ్ (అలైహిస్సలామ్) ముఖం ఉందన్న ఒక కాల్చిన రొట్టె 2004లో 28,000 డాలర్లకు అమ్ముడుపోయింది. కొన్నది ఇంటర్నెట్‌లో జూదం నడిపే సంస్థ! వారిని చూసి మనం నవ్వనవసరం లేదు. మన ఇళ్లలో టమాటాలు, వంకాయలు, బంగాళాదుంపలు ఉన్నాయి కదా.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) పసి కుమారుడు ఇబ్రాహీమ్ మరణించిన రోజునే సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ మరణం వల్లనే అలా జరిగిందని ప్రజలు అనుకున్నారు. పుత్రశోకంలో ఉండి కూడా ఆయన ఆ మాటను సాగనివ్వలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి చావు పుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదనీ బోధించారు. తనకు గౌరవం పెంచే అపోహను సైతం సరిదిద్దిన ఆదర్శం అది. నిజం మీద నిలిచిన విశ్వాసానికి వంకాయ సాక్ష్యం అక్కరలేదు.

మరి ఆహారంలో సూచన లేదా? ఉంది. దివ్య ఖుర్ఆన్ అబస సూరాలో మనిషిని తన ఆహారం వైపు చూడమంటుంది. చూసి ఏమి గ్రహించాలో కూడా చెబుతుంది. కురిసిన వాన, చీలిన నేల, మొలకెత్తిన గింజ, ద్రాక్ష, ఆలివ్, ఖర్జూరం. ఈ లెక్కన ప్రతి కేకూ సూచనే, పగిలినదీ, పగలనిదీ కూడా. కిందపడిన ముద్దను సైతం శుభ్రం చేసుకొని తినమన్న ప్రవక్త సమాజం మనది. కంటికి ఏదో తోచిందని అన్నాన్ని కుళ్లబెట్టడం దానికి గౌరవం కాదు.

తల్లిదండ్రులకు మా మనవి ఇది. పిల్లలు మబ్బులో ఒంటెనో, రొట్టెలో చంద్రుడినో చూపిస్తే గద్దించకండి. వారితో కలిసి నవ్వండి. కానీ ఆ నవ్వు భయంగానో, మొక్కుబడిగానో మారుతుంటే పక్కన కూర్చోబెట్టుకొని విడమరిచి చెప్పండి. ఇంట్లో పెద్దలు అలా నమ్మి ఉంటే వారికీ మెత్తగా చెప్పండి. మాలా ఆలస్యం చేయకండి.

ఆ బాలుడు అంతా విన్నాడు. కేకు వైపు ఒకసారి చూసి, "ఇంకా చూస్తూనే ఉంది మౌలానా సాబ్" అన్నాడు. "చూడనీ బేటా, బిస్మిల్లాహ్ అను" అన్నాము. బిస్మిల్లాహ్ చెప్పి కేకును రెండుగా విరిచి, అక్షరాలు కనిపించాయన్న విద్యార్థికి సగం ఇచ్చి, మిగిలిన సగం తిన్నాడు.