స్టేజీ మీద వెలుగు, కెమెరాలో చీకటి: నాటకం, బుర్రకథ, ఖవ్వాలీ ఫొటోలు బాగా రావాలంటే ఏం చేయాలి?

రామచంద్రపురం: దసరా పందిళ్లు, సంక్రాంతి సంబరాలు, శివరాత్రి జాగారం, దర్గాల్లో ఉర్సు, మీలాద్ జల్సా... సందర్భం ఏదైనా గోదావరి డెల్టాలో రాత్రిపూట ఎక్కడో ఒక స్టేజీ లేస్తుంది. పద్యనాటకమో, బుర్రకథో, కూచిపూడో, ఖవ్వాలీయో నడుస్తుంది. తెల్లారేసరికి పందిరి విప్పేస్తారు. మిగిలేది ఫొటోలే. తీరా చూస్తే వాటిలో హరిశ్చంద్రుడి ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. లేదంటే చెయ్యి మసకగా సాగిపోతుంది. అదీ కాకపోతే నోటికి అడ్డంగా మైకు ఉంటుంది.

సినిమాలో అయితే మరో టేక్ ఉంటుంది. స్టేజీ మీద ఉండదు. పైగా ఊరూరా తిరిగే కళాకారుడికి ఫొటో అంటే సరదా కాదు. వచ్చే ఏడాది ప్రోగ్రాం మాట్లాడుకునేటప్పుడు కమిటీ వాళ్లకు చూపించుకునేది అదే. వేషం వదిలేసిన తర్వాత మనవలకు చూపించుకునేదీ అదే. అందుకే చేతిలో డిజిటల్ కెమెరా ఉన్నవాళ్లు కొన్ని విషయాలు తెలుసుకుని వెళితే మంచిది.

కెమెరా ఎందుకు పొరబడుతుంది?

మన కన్ను చీకటినీ వెలుగునీ ఒకేసారి సర్దుకుంటుంది. కెమెరా అలా కాదు. వెనక నల్ల తెర, ముందు వెలుగులో ఒక్క మనిషి. ఆటో మోడ్‌లో పెడితే కెమెరా ఫ్రేమ్ మొత్తాన్ని సగటు లెక్క కడుతుంది. నలుపే ఎక్కువ కాబట్టి 'ఇక్కడ వెలుగు చాల్లేదు' అనుకుని ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది. తెర బూడిద రంగులోకి వస్తుంది, ముఖం తెల్లగా కాలిపోతుంది.

దీనికి రెండు దారులున్నాయి. స్పాట్ మీటరింగ్ పెట్టి ముఖం మీద మాత్రమే లెక్క కట్టించడం ఒకటి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను మైనస్ 1 లేదా మైనస్ 1.5కి తగ్గించడం రెండోది. కొంచెం అలవాటు పడ్డాక మాన్యువల్ మోడే సుఖం. లైటు మారనంతసేపు సెట్టింగూ మార్చక్కర్లేదు.

లెన్సు లెక్క

కెమెరాతో పాటు వచ్చే 18-55 లెన్సును జూమ్ చేస్తే దాని ద్వారం ఎఫ్/5.6 కంటే పెద్దగా తెరుచుకోదు. 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్సు అదే వెలుగులో దాదాపు 10 రెట్లు ఎక్కువ కాంతిని లోపలికి తీసుకుంటుంది. అంటే, పాత లెన్సుతో సెకనులో 20వ వంతు షట్టర్ కావాల్సిన చోట దీనితో 200వ వంతు సరిపోతుంది. 20వ వంతులో తిరిగే చెయ్యి మసకబారుతుంది. 200వ వంతులో అభినయం చాలావరకు నిలుస్తుంది. కొత్త కెమెరా బాడీకి డబ్బు పెట్టే ముందు ఈ చిన్న లెన్సు గురించి ఆలోచించమనేది ఇందుకే.

దీనిలో ఒక ఇబ్బంది కూడా ఉంది. ద్వారం పూర్తిగా తెరిస్తే ఫోకస్ లోతు తగ్గిపోతుంది. మామూలు ఏపీఎస్-సీ సెన్సర్ కెమెరాతో 6 మీటర్ల దూరంలో ఉన్న మనిషిని ఎఫ్/1.8లో తీస్తే, స్పష్టంగా కనిపించే మేర సుమారు 1 మీటరే. ఒక్కరిని తీసేటప్పుడు ఫర్వాలేదు. ముగ్గురు వెనకాముందు నిలబడితే ఎఫ్/4 దాకా వెళ్లి, తగ్గిన వెలుగును ఐఎస్‌ఓ పెంచి సర్దుకోవాలి.

మొదలుపెట్టడానికి ఐఎస్‌ఓ 1600, ఎఫ్/2.8, సెకనులో 200వ వంతు ప్రయత్నించి, తెరమీద చూసుకుని అటూఇటూ మార్చుకోవచ్చు. ఐఎస్‌ఓ పెంచితే ఇసుక చల్లినట్టు గింజలు వస్తాయన్న భయం చాలామందికి ఉంది. గింజలున్నా మనిషి కనిపిస్తాడు. కదిలి మసకబారితే ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు.

ఫ్లాష్ వద్దు

కెమెరా మీదుండే చిన్న ఫ్లాష్ గైడ్ నంబర్ 12 అనుకుందాం. ఐఎస్‌ఓ 100, ఎఫ్/5.6లో దాని వెలుగు చేరేది 2 మీటర్లకు కాస్త పైన. పదో వరుసలో కూర్చుని ఫ్లాష్ కొడితే వెలిగేది ముందు వరుస వాళ్ల తలలే. ఐఎస్‌ఓ పెంచితే దూరం పెరుగుతుంది గానీ, స్టేజీ రంగులన్నీ చచ్చి గోడకు అంటించిన బొమ్మలా వస్తుంది. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. రాగం మధ్యలో కళ్లలోకి ఫ్లాష్ పడితే పాడేవాళ్లు తడబడతారు. ఆటోఫోకస్ కోసం కెమెరా వేసే చిన్న లైటు, బీప్ శబ్దం కూడా ముందే ఆఫ్ చేసుకోవాలి.

ఎల్‌ఈడీ లైట్లతో తంటా

మన కరెంటు 50 హెర్ట్జ్. దానిమీద వెలిగే చాలా లైట్లు సెకనుకు 100 సార్లు వెలుగు హెచ్చుతగ్గులవుతాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. సెకనులో 500వ వంతులో వరుసగా తీస్తే ఒక ఫొటో ప్రకాశంగా, ఇంకోటి చీకటిగా వస్తాయి. అడ్డచారలు కూడా పడొచ్చు. అలాంటప్పుడు 100వ వంతుకో 50వ వంతుకో దిగితే చాలావరకు సర్దుకుంటుంది. యాంటీ-ఫ్లికర్ ఆప్షన్ ఉంటే ఆన్ చేయాలి. జనరేటర్ మీద నడిచే పందిట్లో ఫ్రీక్వెన్సీ కచ్చితంగా 50 ఉండదు. అక్కడ ముందుగా నాలుగు ఫొటోలు తీసి చూసుకోవాల్సిందే. మిర్రర్‌లెస్ కెమెరాల సైలెంట్ షట్టర్ సభలో బాగుంటుంది గానీ, ఎల్‌ఈడీ కింద చారలు ఎక్కువగా తెచ్చేది కూడా అదే.

ముఖం మీద పూర్తి నీలం లేదా ఎరుపు పడినప్పుడు ఆ ఒక్క రంగు నిండిపోయి కళ్లు, ముక్కు వివరం పోతుంది. ఎక్స్‌పోజర్ ఇంకాస్త తగ్గించాలి, లేదంటే తెల్ల లైటు వచ్చేదాకా ఆగాలి. జేపెగ్ బదులు రా ఫైల్‌లో తీస్తే రంగులు తర్వాత సరిచేసుకునే వీలు ఎక్కువ.

'వన్స్‌మోర్', 'ముకర్రర్': రెండో అవకాశం

టెక్నిక్ కంటే ముందు ఆట తెలియాలి. పద్యనాటకంలో నటుడు మైకు దగ్గరకొచ్చి పద్యం ఎత్తుకుంటాడు. ఎదురుగా కూర్చుంటే మైకు నోటికి అడ్డం. కొంచెం పక్కకు జరిగితే ముఖం తేటగా వస్తుంది. పైనుంచి పడే వెలుగుకు కిరీటం నీడ కళ్లమీద పడుతుంది. రాగం తీస్తూ తల ఎత్తినప్పుడు ఆ నీడ తొలగుతుంది. నోరు పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు కాకుండా, రాగం ముగించి ఊపిరి వదిలే క్షణం పట్టుకుంటే ముఖంలో భావం నిలుస్తుంది.

ఆ క్షణం తప్పిపోయిందా? సభలో 'వన్స్‌మోర్' అని వినిపిస్తే పద్యం మళ్లీ వస్తుంది. ముషాయిరాలో 'ముకర్రర్' అన్నా అంతే, షాయర్ అదే మిస్రా మళ్లీ చదువుతాడు. మొదటిసారి విని, రెండోసారి తీయడం మంచి పద్ధతి. దాద్ అందుకునేటప్పుడు షాయర్ ముఖం కూడా చూడదగ్గదే.

బుర్రకథలో కథకుడు మధ్యలో, వంతలు ఇద్దరూ అటూఇటూ ఉంటారు. 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ ఇంటింటికీ చేర్చిన కళ ఇది. ముగ్గురూ ఒకే ఫ్రేమ్‌లో ఉంటేనే కథ ఉంటుంది. అడుగు పట్టుకోవాలంటే 250వ వంతు కావాలి. డక్కీ మీద చెయ్యి కదలిక కనిపించాలంటే 30వ వంతు చాలు.

రామచంద్రపురం పక్కనే ఉన్న ద్రాక్షారామంలో భీమేశ్వరాలయం ఉంది, హజ్రత్ సయ్యద్ షా భాజీ ఔలియా దర్గా కూడా ఉంది. దక్షయజ్ఞం కథతో ముడిపడిన వీరనాట్యానికీ ఆ ఊరితో సంబంధం చెబుతారు. నిప్పుతో చేసే ఆటలో మంటకు లెక్క కడితే ముఖం నల్లబడుతుంది. ముఖానికి కడితే మంట తెల్లబడుతుంది. మంట ముఖానికి దగ్గరగా వచ్చిన క్షణంలోనే రెండూ కుదురుతాయి. ఖవ్వాలీలో కళాకారులు కూర్చుని పాడతారు కాబట్టి తీసేవాళ్లూ కూర్చుని తీయాలి. దర్గా అదబ్ పాటించాలి. ఆడవాళ్లు కూర్చునే వైపు కెమెరా తిప్పకూడదు.

ఫొటో ఎవరిది?

1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బులిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. తనంతట తాను తీసిన దానికి ఫొటోగ్రాఫరే హక్కుదారు. అందుకే కమిటీతో మాట్లాడుకునేటప్పుడే ఒక కాగితం మీద రాసుకోవడం ఇద్దరికీ మంచిది. వీడియో సంగతి వేరు. ప్రదర్శనను కదిలే బొమ్మగా రికార్డు చేసే హక్కు కళాకారుడిది. ఆ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. వార్తల కోసం, సొంతంగా చూసుకోవడం కోసం కొన్ని మినహాయింపులున్నాయి. కానీ పూర్తి నాటకం తీసి ఛానల్‌లో పెట్టాలంటే అడగాల్సిందే.

చట్టం చెప్పనిది ఇంకోటి ఉంది. గ్రీన్‌రూంలో మేకప్ వేసుకుంటున్న మనిషిని అడగకుండా తీయకూడదు. కాలు జారిన క్షణాన్ని గ్రూపుల్లో తిప్పకూడదు. ఆడపిల్లల ఫొటోలు ఎవరికి పంపుతున్నామో ఇంట్లోవాళ్లకు తెలియాలి.

ఇంటికి వచ్చాక

చలికాలం రాత్రుల్లో డెల్టా మంచు లెన్సు మీద చేరుతుంది. హుడ్ పెట్టుకోవాలి, జేబులో మెత్తటి గుడ్డ ఉంచుకోవాలి. ఏసీ హాల్లోంచి బయటికొస్తే కెమెరాను కాసేపు సంచిలోనే ఉంచాలి. ఫొటోలు రెండు చోట్ల కాపీ చేసుకోవాలి.

చివరిగా, ఫైలు పేరులో తేదీ, ఊరు, నాటకం, పాత్ర, కళాకారుడి పేరు రాయాలి. పదేళ్ల తర్వాత కిరీటం పెట్టుకున్న ఆ మనిషి ఎవరో చెప్పేది ఆ ఒక్క లైనే. మంచివి నాలుగు ఏరి, వాట్సాప్‌లో నలిగిపోకుండా డాక్యుమెంట్‌గా కళాకారుడికే పంపాలి. వచ్చే సీజన్‌కు కమిటీ ముందు ఆయన పెట్టేది వాటినే.