కోనసీమ ఉక్కకి కూలర్ కాదు... సరైన ఫ్యాన్ కావాలి!

అనంతపురంలో ఉన్న ఫ్రెండ్ ‘కూలర్ పెట్టాక ఇల్లు ఊటీలా ఉంది రా’ అన్నాడని అమలాపురంలో కూలర్ కొనేయకండి. కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. గాలి పొడిగా ఉన్న ఊళ్లలోనే అది బాగా పనిచేస్తుంది. గౌతమి, వసిష్ఠల మధ్య, కాలువలు, చెరువుల పక్కన, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్నాం మనం. మన గాలిలో తేమ ముందే నిండుగా ఉంటుంది. ఇంకా ఆవిరి పట్టే చోటేదీ? కిటికీలు మూసి కూలర్ పెడితే కాసేపటికి దుప్పటి కూడా చెమ్మగా తగులుతుంది. ఉక్క మాత్రం పోదు.

మన ఉక్కకి ఫ్యానే మందు. అయితే ఒక్క మాట... ఫ్యాన్ గదిని చల్లబరచదు, మన ఒంటి మీది చెమటని ఆరబెడుతుందంతే. మనిషి లేని గదిలో అది ఎంతసేపు తిరిగినా ఒక్క డిగ్రీ తగ్గదు, మీటరు మాత్రం తిరుగుతుంది.

ఇక డబ్బుల లెక్క. మామూలు సీలింగ్ ఫ్యాన్ సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్‌కి 30 వాట్లు చాలు. రోజుకి 15 గంటలు తిరిగితే నెలకి మామూలుదానికి దాదాపు 34 యూనిట్లు, బీఎల్‌డీసీకి 14 లోపే. అంటే ఒక్కో ఫ్యాన్ మీద 20 యూనిట్ల ఆదా. నెలకి 200 యూనిట్లు కాలే ఇంట్లో మూడు ఫ్యాన్లు మారిస్తే 140కి దిగుతుంది. ఆ శ్లాబులో యూనిట్ 6 రూపాయలనుకుంటే నెలకి 360 రూపాయలు మిగిలినట్టే. ఒక్కోదానికి 1,500 ఎక్కువ పెట్టినా, ఏడాదిలో ఆరేడు నెలలు గట్టిగా వాడేవాళ్లకి రెండేళ్లలో తిరిగొచ్చేస్తుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద కూడా ఎక్కువసేపు తిరుగుతుంది.

అలాగని అన్నీ మార్చేయక్కర్లేదండి. రోజుకి రెండు గంటలు కూడా వాడని ముందుగదిలో పాత ఫ్యాన్‌నే ఉంచండి. ముందు పడకగదిది మార్చండి.

కొనేటప్పుడు వాట్లు ఒక్కటే చూసి మురిసిపోవద్దు. గాలి తక్కువ ఇచ్చి వాట్లు తగ్గించినా ప్రయోజనం లేదు కదా! సీలింగ్ ఫ్యాన్లకి 2023 జనవరి నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి. దాని మీద ‘సర్వీస్ వాల్యూ’ అని ఉంటుంది. ఒక వాటుకి నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలి ఇస్తుందో ఆ అంకె చెబుతుంది. ఎంత ఎక్కువైతే అంత మంచిది. మామూలు గదికి 1200 మిల్లీమీటర్ల ఫ్యాన్ సరిపోతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి అల్యూమినియం రెక్కలున్నది అడగండి.

బిగించడంలోనే చాలామంది గాలి పోగొట్టుకుంటారు. రెక్కలు నేల నుంచి 8 అడుగుల ఎత్తులో, శ్లాబుకి అడుగు కిందన ఉండాలి. మన పాత మండువా ఇళ్లలో, పెంకుటిళ్లలో కప్పు బాగా ఎత్తు. అక్కడ పొడవాటి రాడ్డు వేయకపోతే గాలి దూలాలకే తగులుతుంది. బీఎల్‌డీసీని పాత రెగ్యులేటర్ మీదుగా కలపకూడదు. అది తీసేసి నేరుగా స్విచ్‌కి ఇప్పించండి.

పాత ఫ్యాన్ నెమ్మదించిందా? కొత్తది కొనేముందు కండెన్సర్ మార్పించి చూడండి, వంద రూపాయల్లో తేలిపోవచ్చు. రెక్కల మీద జిడ్డు దుమ్ము ఉంటే తుడవండి, స్విచ్ ఆపాకే సుమా.

శ్లాబు ఇళ్లలో పగటి వేడి రాత్రంతా దిగుతుంది కదా, దానికో చిట్కా. పొద్దుగూకాక ఒక కిటికీలో టేబుల్ ఫ్యాన్‌ని బయటికి తిప్పి పెట్టండి. ఎదురు కిటికీ తెరవండి. లోపలి వేడిగాలి బయటికి పోయి, తోటలోంచి చల్లగాలి వస్తుంది. కానీ గదిలో 40 డిగ్రీలు దాటిన రోజున ఫ్యాన్ ఒక్కటే సరిపోదు, ఒళ్లు ఇంకా వేడెక్కే ప్రమాదం ఉంది. ఇంట్లో ముసలివాళ్లు, పసిపిల్లలు ఉంటే తడిగుడ్డతో ఒళ్లు తుడవండి, నీళ్లు పట్టండి, ఏసీ ఉన్న చోటుకి తీసుకెళ్లండి.