నిద్ర సుఖ మెఱుగదా?

‘ఆకలి రుచి యెఱుగదు, నిద్ర సుఖ మెఱుగదు’ అనిరి పెద్దలు. ఆరోగ్యవంతుల విషయమున నది సత్యమే. వరినాట్లు వేసి వచ్చిన కూలితల్లికి కటిక నేల మీదనే కన్ను మూతపడును. కాని రొమ్ము క్యాన్సరునకు కీమోథెరపీ పొందుచున్న స్త్రీ విషయమున నీ సామెత తలక్రిందగుచున్నది. అన్నము నోటికి లోహపు రుచిగా తోచును. మెత్తని పరుపు మీద పరుండియు రాత్రి యెల్ల మేలుకొని యుండును. పగలు దేహము బరువెక్కి అడుగు పడదు. ఈ యలసటను సోమరితనమని యెంచు ఇండ్లు నేటికిని లేకపోలేదు. ఆ యపోహ తొలగుటయు చికిత్సలో నొక భాగమే.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల స్త్రీలలో పెక్కురు ఈ చికిత్సకై గుంటూరునకో, విజయవాడకో, హైదరాబాదునకో పోవుదురు. రేపల్లె శాఖామార్గము తెనాలిలో విజయవాడ–చెన్నై ప్రధాన రైలుమార్గమును కలియును. బాపట్ల ఆ ప్రధానమార్గము మీదనే యున్నది. మందెక్కించు దినమున తెల్లవాఱకముందే బయలుదేరి, రక్తపరీక్ష ముగించుకొని, గంటల తరబడి నరమునకు సూదితో కూర్చుండి, చీకటి పడిన పిదప ఇల్లు చేరువారు కలరు. సాధారణముగా రెండు మూడు వారముల కొకసారి, కొన్ని మాసములపాటు ఇది సాగును. ప్రయాణపు బడలిక ఒక రాత్రి నిద్రతో తీఱును. మందు వలన కలిగిన యలసట యట్టిది కాదు. ఎంత పరుండినను తీఱదు.

ఇట్లేల యగును? మందు స్వభావము తెలిసిన నిది బోధపడును. ఆ మందుల చరిత్రలో నొక తెలుగువానికి గొప్ప స్థానము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కలిసి, కండరమునకు శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థమును 1929లో వెల్లడించెను. పిమ్మట లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున పనిచేసిన బృందము అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అను మందులను రూపొందించెను. 1948లో సిడ్నీ ఫార్బర్ బోస్టనులో అమినోప్టెరిన్‌తో పిల్లల రక్తక్యాన్సరును కొంతకాల మణచగలిగెను. శస్త్రచికిత్స పిమ్మట మెథోట్రెక్సేట్‌ను మఱి రెండు మందులతో కలిపి యిచ్చినచో రొమ్ము క్యాన్సరు తిరుగబెట్టుట తగ్గునని 1976లో ఇటలీ వైద్యుడు బొనదొన్నా చూపెను. నేడు వేఱు మందులును పెక్కు వచ్చినవి.

త్వరత్వరగా విభజన చెందు కణములను దెబ్బకొట్టుట ఈ మందులలో పెక్కింటి పద్ధతి. ఎముకమజ్జలోని కణములును అట్టివే గనుక రక్తము తగ్గి నీరసము కలుగును. వాంతులను, మందు పడకపోవుటను నివారించుటకు ఇచ్చు డెక్సామెథసోన్ నిద్రను చెడగొట్టును. కొందఱికి ఋతుస్రావము నిలిచి, రాత్రివేళ ఆవిరులు లేచి చెమటలు పట్టును. వీనికి తోడు నొప్పి, రేపటి చింత. రాత్రి నిద్ర లేదని పగలెల్ల పరుండినచో మఱునాటి రాత్రి నిద్రయు దూరమగును. ఈ వలయమును తెంపుటయే చేయవలసిన పని.

డెక్సామెథసోన్ మాత్రలను ఉదయముననే వేసికొనవచ్చునా యని వైద్యుని అడుగవలెను, తమంతట మానరాదు. ప్రతిదినము ఒకే వేళకు లేవవలెను. పగటి కునుకు అరగంటకు మించరాదు, అదియు మూడు గంటలకు ముందే. మధ్యాహ్నము దాటిన పిదప కాఫీ వలదు. పరుండిన ఇరువది నిమిషములకు నిద్ర పట్టనిచో మంచము దిగి, మసక వెలుతురులో కూర్చుండి, కునుకు వచ్చినపుడే మరల పరుండవలెను. దుకాణమున నిద్రమాత్రలు కొనుటయు, ఎవరో చెప్పిన పసరు త్రాగుటయు ప్రమాదకరములు.

అలసటకు నడకయే మందనుట వింతగా తోచును గాని, పరిశోధనలు దానినే బలపఱచుచున్నవి. వారమునకు మూడు దినములు, అరగంట చొప్పున నడచుట గమ్యము. తొలుత ఇంటి వాకిట అయిదు నిమిషములే చాలును. రక్తహీనత గాని, గుండె యిబ్బంది గాని యున్నవారు వైద్యుని యనుమతి పొందవలెను. అయితే అన్నియు అలసటగా నెంచరాదు. జ్వరము 100.4 డిగ్రీల ఫారన్‌హీటుకు చేరినను, ఆయాసము వచ్చినను, ఎదలో నొప్పి కలిగినను తెల్లవాఱు వఱకు ఆగక ఆసుపత్రికి చేర్చవలెను.

రోగి ఉపాధ్యాయిని యైనపుడు మఱియొక చిక్కు కలదు. నల్లబల్ల యెదుట తెలిసిన మాటయే నోటికి రాక నిలిచిపోవచ్చును. చికిత్స వేళ ఇట్టి మఱపు పలువురి కనుభవము. అది తెలివి తఱుగుట కాదు. సహోపాధ్యాయులు ఆమెకు ఓపిక యుండు వేళలోనే పాఠములు కుదిర్చినచో మేలు.

తల్లి చికిత్సలో నున్న విద్యార్థి నీళ్లు మోయుట, అంట్లు తోముట మాత్రమే కాక మఱియొక సాయము చేయగలడు. ఒక వ్రాతపుస్తకమున ఆమె ఎప్పుడు పరుండెను, ఎప్పుడు లేచెను, అలసట సున్న నుండి పది వఱకు నెంత యని ప్రతిదినము వ్రాయవచ్చును. నాలుగు గాని, అంతకు మించి గాని యున్నచో కారణము వెదకుట వైద్యుని వంతు. రక్తహీనత, థైరాయిడ్ లోపము వంటివి బయటపడినచో చికిత్స కలదు. ‘బాగుగనే యున్నాను’ అని తల్లి దాచినదానిని ఆ పుస్తకము వైద్యునకు చెప్పును.

చికిత్స ముగిసిన పిదప పెక్కురకు ఈ యలసట క్రమముగా తగ్గును. కొందఱిలో ఏడాదికి పైగా నిలుచును. అంతవఱకు ఇంటివారు ‘లేచి తిరుగు’ అనుటయు, ‘కదలకు’ అనుటయు మాని, ‘ఈ దినము ఎట్లున్నది?’ అని యడిగి, ఆమె చెప్పు సమాధానమును నమ్మవలెను.