7.4 తుంటి విరిగినప్పుడు శస్త్రచికిత్సకు ముందు కాలిని కదలకుండా ఉంచడం

7.4.1 కట్టు ఎందుకు సరిపోదు?

నెల్లూరు తీర గ్రామాల్లో ఎముక విరిగిందనగానే చాలామందికి గుర్తొచ్చేది పుత్తూరు కట్టు. బద్దలు పెట్టి కట్టడంలో ఒక సూత్రం ఉంది: విరిగిన చోటుకు ఎగువ, దిగువ ఉన్న కీళ్లు రెండూ కదలకూడదు. చేతికి ఇది సాధ్యం. తుంటి దగ్గర విరిగేది తొడ ఎముక పైభాగం; దానికి ఎగువన ఉన్నది తుంటి కీలే. దాన్ని ఆపాలంటే నడుమును కూడా బిగించాలి. చుట్టూ ఉన్న బలమైన కండరాలు విరిగిన ముక్కలను లాగుతూనే ఉంటాయి. పైగా తొడ ఎముక మెడ విరిగితే ఎముక తలకు రక్తం అందించే నాళాలు దెబ్బతినవచ్చు.

7.4.2 ఇంటి దగ్గర

మైపాడులో ఒక అవ్వ తడి గచ్చు మీద జారిపడిందనుకుందాం. ఆమె లేవలేకపోతోంది. గజ్జల్లో నొప్పి. ఒక కాలు పొట్టిగా కనిపిస్తోంది, పాదం బయటికి తిరిగి ఉంది. తుంటి విరిగిందని అనుమానించడానికి ఇవి చాలు. కొందరిలో కాలు మామూలుగానే కనిపించవచ్చు.

అవ్వను నడిపించరాదు. కాలు లాగి సరిచేయరాదు. ఆటోలో కూర్చోబెట్టి నెల్లూరుకు తీసుకుపోరాదు. 108కి ఫోన్ చేయాలి. కాళ్ల మధ్య మడిచిన దుప్పటి పెట్టి, దెబ్బతిన్న కాలిని బాగున్న కాలికి వెడల్పాటి గుడ్డతో కట్టాలి. ముడి విరిగిన చోట పడకూడదు. పాదం చల్లబడిందేమో చూస్తూ ఉండాలి.

7.4.3 ఆసుపత్రిలో

కాలికి పట్టీ వేసి, కప్పీ మీదుగా బరువు వేలాడదీసే పద్ధతిని చర్మ ట్రాక్షన్ అంటారు. అమెరికా వైద్యుడు గర్డన్ బక్ దీన్ని 1861లో వర్ణించారు. తుంటి విరిగిన వారందరికీ ఇది నొప్పి తగ్గిస్తుందని చాలాకాలం భావించారు. దిండు మీద కాలు ఉంచిన రోగులతో పోల్చి చూసినప్పుడు స్పష్టమైన లాభం కనిపించలేదు. మడమ పుండ్లు పడే ప్రమాదం మాత్రం ఉంది. అందుకే నేడు దిండు ఆసరాకు, నొప్పి మందులకు, నరాలకు ఇచ్చే మత్తు ఇంజెక్షన్‌కు ప్రాధాన్యం ఇస్తున్నారు.

7.4.4 కాలం విలువ

కదలకుండా ఉంచడం చికిత్స కాదు. శస్త్రచికిత్స వరకు రక్షణ మాత్రమే. మంచం మీద రోజులు గడిచేకొద్దీ ఒత్తిడి పుండ్లు, న్యుమోనియా, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం వంటివి వృద్ధుల ప్రాణానికే ముప్పు తెస్తాయి. చేరిన రోజున గాని మరునాడు గాని శస్త్రచికిత్స జరగాలని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2011లో సూచించింది. కట్టు కట్టించి ‘చూద్దాం’ అని ఇంట్లో గడిపే వారం రోజులు తిరిగిరావు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. చేతికి పనిచేసే కట్టు తుంటికి ఎందుకు సరిపోదు?
2. అంబులెన్స్ వచ్చేలోగా ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?